కాలేజీలో చేరకముందే కోచ్ కావాలి

సంపాదకుల వారికి,

ర్యాంకులు, సీట్ల గురించి పేజీలకు పేజీలు వస్తాయి గానీ, సీటు వచ్చాక ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, నిలకడగా ఉండలేకపోవడం లాంటి ఇబ్బందులు తెచ్చే, మెదడు ఎదుగుదలకు సంబంధించిన సమస్య) ఉన్న పిల్లలు మొదటి సంవత్సరం ఎలా నెట్టుకొస్తారన్నది ఎవరికీ పట్టదు. కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి ఏటా చూస్తున్నాను. స్కూల్లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే సెమిస్టర్ సగానికొచ్చేసరికి క్లాసులకు రావడం మానేస్తారు, అడిగితే తల దించుకుంటారు, మనం వెంటనే బద్ధకం అని ముద్ర వేస్తాం. ఆడపిల్లలైతే గొడవ చేయకుండా వెనక బెంచీలో కూర్చుంటారు కాబట్టి అసలు లెక్కలోకే రారు.

అది బద్ధకం కాదు. పని ఎప్పుడు మొదలుపెట్టాలి, దేని తర్వాత ఏది, ఎంతసేపు పడుతుంది అని బేరీజు వేసుకోవడం ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు కష్టం. పెద్దయితే అదే పోతుందని ఒకప్పుడు అనుకునేవారు. చాలామందిలో పోదు, అందుకే 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే అమెరికన్ మాన్యువల్) కూడా 17 ఏళ్లు, ఆపై వయసువాళ్లలో ఏడీహెచ్‌డీ నిర్ధారణకు ఆరు లక్షణాల బదులు ఐదున్నా చాలంది. స్కూల్లో ఈ ఇబ్బంది అంతగా బయటపడదు, ఎందుకంటే నిద్రలేపేది అమ్మ, హోంవర్క్ గుర్తుచేసేది టీచర్, రోజంతా గంట కొట్టి నడిపించేది స్కూలు. కాలేజీలో ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. రెండు నెలల తర్వాత ఇవ్వాల్సిన రిపోర్టు, రేపే ఆఖరు తేదీ అన్నప్పుడు గానీ బుర్రకెక్కదు.

ఇక్కడే కోచ్ కావాలి. కోచ్ ట్యూషన్ చెప్పరు, వైద్యం చేయరు. వారానికోసారి కూర్చుని, "రిపోర్టు మొదలుపెట్టు" అని ఊరుకోకుండా "ఏ రోజు? ఎన్నింటికి? ఎక్కడ కూర్చుంటావ్? ముందు ఏ ఫైలు తెరుస్తావ్?" అని అడుగుతారు. జవాబు ఆ విద్యార్థే చెప్పాలి, తనే క్యాలెండర్‌లో రాసుకోవాలి. పని జరగకపోతే తిట్టరు, ఎక్కడ ఆగిందో చూస్తారు. లైబ్రరీకైతే వెళ్లాడు, కానీ ఏ టాపిక్ తీసుకోవాలో తేలక లేచి వచ్చేశాడు అనుకోండి. అయితే ఈ వారం మొదటి పని రిపోర్టు కాదు, లెక్చరర్‌కి మెయిల్ పెట్టడం. మందులు ఏకాగ్రతకు సాయపడతాయి, చాలామందికి అవసరం కూడా, కానీ వారానికి సరిపడా ప్లాన్ వేసిపెట్టవు కదా.

ఫెయిలయ్యాక పిలిచి మాట్లాడితే ఆలస్యమైపోతుంది. అడ్మిషన్ సమయంలోనే, విద్యార్థి ఒప్పుకుంటే, కాలేజీ కోచ్‌ని కలపాలి, పరీక్షలో అదనపు సమయం లాంటివి ఎలా అడగాలో అప్పుడే చెప్పాలి. తల్లిదండ్రులు కూడా స్కూలు చివరి ఏడాదిలోనే అలారం, మందులు, డాక్టర్ అపాయింట్‌మెంట్ ఒక్కొక్కటే పిల్లల చేతికి వదలాలి. ఇంకో మాట, కోచ్ జవాబుదారీ విద్యార్థికే. ఇంటికి కబుర్లు చేరవేస్తారని తెలిస్తే రెండో వారం నుంచే పిల్లలు మొహం చాటేస్తారు.

మీ విద్యా పేజీలో సీట్ల వివరాలు ఇచ్చేటప్పుడు, ఏ కాలేజీలో ఇలాంటి సాయం ఉందో, ఎవరిని కలవాలో కూడా కనుక్కుని వేయండి.

– ఒక అధ్యాపకురాలు