పోపులపెట్టెను పేజీలోకి దించడం

ఒరేయ్ శీనూ,

ఆర్ట్ జర్నల్‌లో, అదే బొమ్మలు, రాతలు, అంటింపులు కలిపి నింపుకునే పుస్తకంలో, ఇంటి వంట మీద ఓ పేజీ చేస్తానని రాశావు, బాగుంది. కానీ నువ్వు దగ్గర పెట్టుకున్నానన్న సామాను చూశాక ఈ ఉత్తరం పొడుగ్గా రాయక తప్పడం లేదు. బియ్యం, కందిపప్పు, నేతి మరక, బీట్‌రూట్ రసం! అది పేజీ కాదురా, పురుగులకు పెట్టిన విస్తరి. బియ్యం, పప్పు గింజలు జిగురులో మునిగినా పురుగు పడతాయి, పైగా పుస్తకం మూసుకోదు. నెయ్యి కాగితంలోకి ఇంకితే ఆ చోటు నూనెకాగితంలా అయిపోయి మరక వెనక పేజీకి పాకుతుంది, కొన్నాళ్ళకి కనరు వాసన కొడుతుంది, దాని మీద అక్రిలిక్ రంగు నిలవదు. బీట్‌రూట్ ఎరుపు చూస్తుండగానే మట్టిరంగులోకి దిగిపోతుంది. కాబట్టి వంటింటి వస్తువును అంటించకు, దాని రూపాన్ని దించు. పసుపు, టీ డికాక్షన్, ఎండబెట్టిన కరివేపాకు, ఈ మూడింటికే మినహాయింపు. వాటి షరతులు తర్వాత చెప్తాను.

బొమ్మగా పోపులపెట్టెని తీసుకో. పేజీ అమరిక కోసం బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, ఆ గుండ్రటి డబ్బా అమర్చే ఇచ్చేసింది. మధ్యలో ఒక గిన్నె, చుట్టూ ఆరు. లెక్క కూడా తేలిక: చిన్న గిన్నె వెడల్పు పెద్ద డబ్బాలో సరిగ్గా మూడో వంతు. ఏ5 పేజీ వెడల్పు 14.8 సెంటీమీటర్లు కదా, డబ్బా 12 సెంటీమీటర్లు పెట్టుకో, గిన్నె 4 వస్తుంది. ముందు 6 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో డబ్బా గీసి, అదే కేంద్రం నుంచి 4 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో సన్నగా ఇంకో వృత్తం గియ్యి. కంపాస్ విప్పు మార్చకుండా ఆ వృత్తం మీద అడుగులేసుకుంటూ పో, ఆరు అడుగులకి మొదలుపెట్టిన చోటికే వస్తావు. ఆ ఆరు గుర్తులూ గిన్నెల కేంద్రాలు. గిన్నెలు మాత్రం 2 కాకుండా 1.8 వ్యాసార్ధంతో కత్తిరించు, అంచులు ఒకదాన్నొకటి తినెయ్యకుండా సందు మిగులుతుంది. డబ్బాని పేజీలో కిందికి దించితే పైన ఏడెనిమిది సెంటీమీటర్ల చోటు రాతకి, కరివేపాకు రెమ్మకి దొరుకుతుంది.

ఏడు గిన్నెల్నీ పేజీ మీద నేరుగా వెయ్యకు. వేరే దళసరి కాగితం మీద వేసి కత్తిరించి అంటించు. జీలకర్ర చెడితే జీలకర్ర ఒక్కటే పారేస్తావు, మొత్తం పేజీ కాదు. ఒక్కోటి రెండేసి చేసుకుంటే ఇంకా హాయి.

ఇక నేల, అంటే అన్నిటికీ అడుగున ఉండే కాగితం. 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే దళసరి కాగితం) అయితే నిశ్చింత. పల్చటి కాగితాల పుస్తకమైతే రెండు పేజీలు కలిపి అంటించెయ్. దాని మీద తెల్ల జెస్సో (రంగు పట్టడానికి ముందుగా పూసే అడుగు పూత) ఒక్క పూత, పాత ఏటీఎమ్ కార్డుతో గీకినట్టు పల్చగా. అరగంటలో ఆరుతుంది, వానాకాలం అయితే గంట. ఒక పక్కే పూస్తే కాగితం పడవలా వంగుతుంది, ఎందుకంటే తడిసిన పక్క ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. వెనక పక్క కూడా ఒక పూత వేసి, పూర్తిగా ఆరాక బరువు కింద రాత్రంతా ఉంచు.

డబ్బా స్టీలు మెరుపుకి వెండి రంగు కొనకు, ఆరాక చప్పగా బూడిదలా కనిపిస్తుంది. వంటింట్లో ఉన్న ఫాయిల్ చాలు. నలిపి, విప్పి, స్పూను వెనకతో సాపు చేసి 12 సెంటీమీటర్ల చక్రం కత్తిరించు. కింద న్యూస్‌పేపర్ దొంతి పెట్టి ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో అంచు గీత నొక్కితే డబ్బా అంచు లేస్తుంది. నల్ల అక్రిలిక్ రాసి, ఒక నిమిషంలో గుడ్డతో తుడిచెయ్. ముడతల్లో నలుపు నిలిచి, పాతికేళ్ళు వాడిన డబ్బాలా కనిపిస్తుంది. అంటించేటప్పుడు జాగ్రత్త: ఫాయిల్ లోంచి తేమ పోదు, జిగురు మందంగా రాస్తే లోపల పచ్చిగానే ఉండిపోయి బుడగలు లేస్తాయి. పల్చగా రాసి రాత్రంతా వదులు, లేదా రెండు వైపులా అంటుకునే టేపు వాడు.

గిన్నెల్లో అన్నిటికంటే పని ఉన్నవి పప్పులు. శనగపప్పు, మినప్పప్పు గిన్నెలకి ముద్ద కావాలి. మోడలింగ్ పేస్టు (ఆరి గట్టిపడే రెడీమేడ్ ముద్ద) దొరక్కపోతే రెండు పాళ్ళు టాల్కం పౌడరు, ఒక పాలు ఫెవికాల్, ఒక పాలు తెల్ల అక్రిలిక్ కలుపు. గారెల పిండిలా గరిటెకి నిలబడాలి. పౌడరు బదులు పల్చటి గుడ్డలో జల్లించిన రాతి ముగ్గు కూడా పనికొస్తుంది, కొంచెం గరుకుగా వస్తుంది, పప్పుకి అదీ అందమే. బియ్యప్పిండి ముగ్గు మాత్రం వద్దు, మళ్ళీ పురుగుల కథ. ముద్దని గిన్నె చక్రం మీద 2 మిల్లీమీటర్ల మందాన పరిచి, వేలు పెడితే అంటుకోని దాకా, సుమారు ఇరవై నిమిషాలు ఆగు. నిజం పప్పుబద్దలకి పౌడరు పట్టించి, వాటితో ముద్ద మీద అచ్చులు నొక్కి తీసెయ్. తొందరపడి తడి ముద్దలో నొక్కావో గింజతోపాటు ముద్దా లేచి వస్తుంది. మరీ ఆలస్యం చేస్తే అంచులు పగుల్తాయి. ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి, నీళ్ళగా కలిపిన ఎల్లో ఆకర్ (మట్టి పసుపు రంగు) పోసి పైపైన తుడిచెయ్. గుంటల్లో రంగు దిగి గింజలు లేచినట్టు కనిపిస్తాయి. మినప్పప్పుకి రంగు దాదాపు అక్కర్లేదు, కాస్త బూడిద నీడ చాలు. ఆరలేదని హెయిర్ డ్రయ్యర్ వేడిగా పెట్టకు, పైన తోలు కట్టి లోపలి తేమ బుడగలై లేస్తుంది.

ఆవాలకి అదే ముద్దలో నలుపు, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు) కలిపి గోరింటాకు కోన్‌లో నింపు. ముదురు నేల మీద మిల్లీమీటరు చుక్కలు గుచ్చుకుంటూ పో. ఉత్త నలుపు వాడితే మిరియాల్లా కనిపిస్తాయి, గోధుమరంగు ఉంటేనే ఆవాలు. ఆరాక అక్కడక్కడ తెల్ల జెల్ పెన్‌తో సూదిమొనంత మెరుపు పెట్టు, అన్నిటికీ కాదు. జీలకర్ర సన్న కుంచెతో రెండు రంగుల్లో వేసే గీతలే, కానీ దిక్కులు కలగాపులగంగా ఉండాలి, ఒకే వైపు వాలితే గడ్డి మొలిచినట్టుంటుంది. మెంతులంటావా, ఆకర్ రంగు పూసిన అట్టని చిన్న చిన్న పలకలుగా కత్తిరించి చల్లు, అంతే.

ఎండుమిరపకాయలకి ఎర్రటి గాలిపటాల కాగితాన్ని మించింది లేదు. వేలితో పురి తిప్పి నలిపితే మిరప తొక్క ముడతలు తమంతట తామే పడతాయి. చిక్కేమిటంటే ఆ కాగితం చాలావరకు తడి తగలగానే రంగు వదులుతుంది. అంటించడానికి రెండు పాళ్ళు ఫెవికాల్‌కి ఒక పాలు నీళ్ళే, అంతకు మించి వద్దు. పక్క గిన్నెలు పూర్తికాకముందే అంటించకు. ఆ కారిన ఎరుపే కావాలనుకుంటే గిన్నె అడుగున వదిలెయ్, కారప్పొడి రాలినట్టు బాగుంటుంది.

మధ్య గిన్నె పసుపుది. ఇక్కడ నిజం పసుపు వాడొచ్చు. నీళ్ళలో కలిపితే రంగు దిగదు, గింజగింజగా రాలుతుంది. పావు స్పూను పసుపుని రెండు స్పూన్ల సర్జికల్ స్పిరిట్‌లో కలిపి (పొయ్యి దగ్గర కాదురా బాబూ, కిటికీ దగ్గర) గుడ్డలో వడకట్టు. జెస్సో పుయ్యని ఉత్త కాగితం మీద వెయ్యి. జెస్సోలో, చాలా అక్రిలిక్ మీడియమ్‌లలో (రంగు కలపని అక్రిలిక్ జిగురు) కాస్త క్షార గుణం ఉంటుంది, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుందని కుంకుమ సంగతి తెలిసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ గుణాన్నే నీకు పనికొచ్చేలా తిప్పుకో: ఆరిన పసుపు గిన్నె అంచున ఒక చుక్క సున్నపు తేట పెడితే కుంకుమ రంగు విచ్చుకుంటుంది. ఎక్కువైందా, నిమ్మరసం తాకించు, మళ్ళీ పసుపవుతుంది. షరతు ఏమిటంటే ఎండలో ఈ రంగు ఉండదు. అందుకని అడుగున వాటర్‌కలర్ ఎల్లో ఆకర్ ఒక పూత వేసి దాని మీద పసుపు వెయ్యి. పైది వెలిసిపోయినా గిన్నె ఖాళీ కాదు.

టీ డికాక్షన్ రాత కోసం. కప్పు నీళ్ళలో రెండు స్పూన్ల టీ పొడి, సగానికి మరిగించి, కాగితం ముక్కల మీద పూసి ఆరబెట్టు. గిన్నెల పేర్లు రాసే చీటీలకి ఇవే. తుప్పు పట్టిన నాలుగు మేకులు వెనిగర్‌లో నాలుగైదు రోజులు నానబెట్టి (మూత బిగించకు, లోపల గ్యాసు పుడుతుంది) ఆ నీళ్ళతో టీ కాగితం మీద రాస్తే అక్షరం పడుతూనే బూడిద నలుపు తిరుగుతుంది. టీలో ఉన్న టానిన్ (వగరునిచ్చే పదార్థం), ఇనుము కలిసి చేసే పని ఇది. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపుదీ ఇదే సూత్రం. అక్కడ కరక్కాయ, పాలలో తడిపిన గుడ్డ మీద, బెల్లం నీళ్ళలో ఇనుప తుక్కు పులియబెట్టిన ద్రావణంతో గీస్తారు. కరక్కాయది టానిన్, పాలది రంగు పక్కకి పాకకుండా ఆపే పని. మన పేజీకి మాత్రం చీటీల వరకే వాడు, ఈ సిరా ఏళ్ళు గడిచేకొద్దీ కాగితాన్ని తింటుంది.

అమ్మమ్మ చేతిరాత వంట కాగితం ఏదైనా ఉంటే అసలుది అంటించొద్దు, జిరాక్స్ తీయించు. ఇంక్‌జెట్ ప్రింటు జిగురు తగలగానే అలుక్కుపోతుంది, జిరాక్స్ పొడి కదలదు. పైగా అసలు కాగితం మీది నూనె మరకలు కూడా వాసన లేకుండా వచ్చేస్తాయి. పై భాగంలో పట్టేలా సైజు తగ్గించి తీయించు. లేదంటే సన్న టిష్యూ మీద పర్మనెంట్ పెన్‌తో నకలు రాసి అంటించు. ఆరాక టిష్యూ దాదాపు కనిపించదు, అక్షరాలే మిగుల్తాయి.

డబ్బా చుట్టూ గుండ్రంగా మీ ఇంట్లో పోపు పడే వరుస రాయి. కొందరు పప్పులు ముందేస్తారు, కొందరు ఆవాలు, ఈ గొడవలో నేను దూరను. "చిటపట" అన్న మాటని చిన్నగా మొదలెట్టి పెద్ద చేసుకుంటూ పో. పాత టూత్‌బ్రష్‌తో, మజ్జిగంత పల్చటి నల్ల రంగు ఆ అక్షరాల మీంచి చిమ్ము. గిన్నెల్ని న్యూస్‌పేపర్‌తో కప్పడం మర్చిపోకు. నూనె చుక్కలు కావాలంటే మెరుపునిచ్చే అక్రిలిక్ మీడియమ్‌లో (గ్లాస్ మీడియమ్ అంటారు) రవ్వంత బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమరంగు) కలిపి బొట్లు వెయ్యి, ఆరాక అచ్చం వేడి నూనె.

కరివేపాకు రెమ్మని మాత్రం ఈరోజే న్యూస్‌పేపర్ మధ్య పెట్టి బరువెయ్యి. రెండు రోజులకోసారి కాగితం మార్చు, పది రోజులు పడుతుంది. పచ్చదనం ఉండదు, ముదురు ఆలివ్ రంగొస్తుంది. రెండు వైపులా మీడియమ్ పూసి అంటించు, ఒక్క పక్కే పూస్తే తేమ పట్టి లేచిపోతుంది. పచ్చగానే కావాలంటే పచ్చి ఆకు వెనక వైపు, ఈనెలున్న వైపు, రంగు రాసి అచ్చు వెయ్యి.

అన్నీ అయ్యాక మధ్యలో బటర్ పేపర్ లేకుండా పుస్తకం మూసేవు! అక్రిలిక్ పొరలు ఆరినా ఒకదానికొకటి పట్టుకుంటాయి. మీ విజయవాడ మే నెల ఎండకి ఇంకా మెత్తబడి, విప్పితే ఆవాలు ఎదుటి పేజీలో ఉంటాయి.

ఉంటా మరి,
నీ నేస్తం

తా.క. ఏడు గిన్నెలూ అంటించాక పేజీ మందం అయిదారు మిల్లీమీటర్లు దాటితే పుస్తకం నోరు తెరుచుకుంటుంది. వెనక రెండు మూడు పేజీలు కుట్టు దగ్గర వేలెడు అంచు వదిలి కత్తిరించెయ్, సర్దుకుంటుంది.