శనివారం పిల్లలతో నార్విచ్ (ఇంగ్లండ్) చర్చిల నడక

అందరికీ నమస్కారం. ఉదయం పదింటికి మార్కెట్ పక్కన సెయింట్ పీటర్ మాన్‌క్రాఫ్ట్ దగ్గర కలుద్దాం. ఈ చర్చి 1455లో పూర్తయింది. తూర్పు కిటికీ రంగుటద్దాల్లో బొమ్మలను పిల్లలకు నిదానంగా చూపించండి. గోడల్లోని చెకుముకి రాళ్లను తడిమి చూడనివ్వండి, పగిలిన వైపు గాజులా నున్నగా తగులుతుంది.

ఊళ్లో ఇలాంటి పాత చర్చిలు ముప్పై దాకా ఉన్నాయి. చిన్నపిల్లలతో రెండు మూడు చాలు, అంతకుమించి వద్దు. ఎల్మ్ హిల్ అనే పాత వీధి మీదుగా ఊళ్లోని ప్రధాన చర్చి కెథడ్రల్‌కి నడుద్దాం. అక్కడ పైకప్పులో బైబిల్ జలప్రళయం కథలోని నోవహు ఓడ చెక్కిన రాయి ఉంది, పిల్లలే వెతికి పట్టుకోవాలి! చిన్న అద్దం తెస్తే మెడ పట్టేయకుండా అందులో చూడొచ్చు.

ప్రార్థన జరుగుతుంటే బయటే ఆగుదాం. పులిహోర నేను తెస్తాను. వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా చెప్పండి.