ఆదివారం కళ్లేపల్లి తీరానికి వెళ్దాం

అందరికీ నమస్కారం. రథసప్తమి రద్దీ అయిపోయింది కాబట్టి ఈ ఆదివారం తీరంలో చెత్త ఏరడానికి కళ్లేపల్లి వెళ్దాం, మన నాగావళి సముద్రంలో కలిసే చోటికి. ఉదయం ఆరింటికి శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర కలుద్దాం. బండి లేనివాళ్లు ముందే చెబితే ఎవరో ఒకరు ఎక్కించుకుంటారు.

ఇది ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. రాత్రిపూట ఒడ్డెక్కి, ఇసుకలో గొయ్యి తీసి, ఒక్కో తల్లి వంద గుడ్ల దాకా పెట్టి వెళ్లిపోతుంది. పిల్లలు బయటికి రావడానికి ఇంచుమించు 50 రోజులు పడుతుంది. తెగిన నైలాన్ వల ముక్క కాలికి చుట్టుకుంటే తల్లైనా పిల్లైనా కదల్లేదు. ఒడిశా కొండల్లో పుట్టిన నాగావళి దారిలోని ఊళ్ల చెత్తంతా మోసుకొచ్చి చేర్చేదీ ఇటే. అందుకే ముందు వలలు, తాళ్లు ఏరుదాం. సీసాలు, కవర్లు తర్వాత.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: పారలు, గునపాలు తేవద్దు. ఇసుకలో కూరుకుపోయిన వలని లాగకండి, పైకి కనిపించినంత వరకు కోసేయండి. కింద గుడ్లు ఉండొచ్చు. ట్రాక్టరు టైరు అచ్చులాంటి తాబేలు జాడ కనిపిస్తే తొక్కకుండా పక్కకి తప్పుకోండి, అటవీ శాఖవాళ్లకి చెబుదాం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఆ గుడ్లు కదిలించడం కూడా నేరమే. బళ్లు ఇసుకలోకి దింపొద్దు. దిబ్బల మీద తీగలు పీకొద్దు, ఇసుకని పట్టి ఉంచేవి అవే.

ఒడ్డున ఆరబెట్టిన వలలు మత్స్యకారులవి. వాళ్లని అడగకుండా ఏదీ తీయకండి.

చేతి తొడుగులు, టోపీ, ఇంటి నుంచే నీళ్ల సీసా తెచ్చుకోండి. గోనె సంచులు నేను తెస్తాను. టిఫిన్ చెప్పాలి, వచ్చేవాళ్లు శుక్రవారం సాయంత్రంలోపు ఇక్కడే పేరు పెట్టండి.