నెగెటివ్ తిరిగి ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మన విజయవాడలో కాలేజీ పిల్లలు మళ్లీ రీలు కెమెరాలు మెడలో వేసుకుని తిరుగుతున్నారు. ప్రకాశం బ్యారేజీ మీద, ఉండవల్లి గుహల దగ్గర వాళ్లను చూసినప్పుడల్లా ఆగి పలకరిస్తుంటాను. గవర్నరుపేటలోని ఒక కలర్ ల్యాబులో 26 ఏళ్లు రీళ్లు కడిగినవాడిని, అంటే ఫోటోలు తీసిన రీలును మందునీళ్లలో ముంచి బొమ్మ తేల్చేవాడిని. ఆ పిల్లల కోసం, వాళ్ల రీళ్లు కడుగుతున్న ల్యాబులవారి కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా మనవరాలు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. దసరా సెలవుల్లో బీరువా పై అరలోంచి నికాన్ ఎల్35ఏఎఫ్ కెమెరాను కిందికి దించింది. మా బావగారు 1985లో మస్కట్ నుంచి తెచ్చి ఇచ్చింది అది. 1983లో నికాన్ కంపెనీ తెచ్చిన తొలి ఆటోఫోకస్ కాంపాక్ట్, అంటే దూరాన్ని తనే కొలిచి బొమ్మను స్పష్టంగా కుదుర్చుకునే చిన్న కెమెరా. 35 ఎం.ఎం. లెన్సు, రెండు పెన్సిల్ సెల్లు, వెలుతురు తగ్గితే దానంతట అదే లేచే ఫ్లాష్. రీలు ఎక్కించి మూత వేస్తే మోటారే తిప్పుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎవరడిగినా ఇలాంటి కెమెరాతోనే మొదలుపెట్టమంటాను. వెలుతురు లెక్కలు అది చూసుకుంటుంది. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నొక్కాలి అన్నదే మనం నేర్చుకోవాలి.

మొదటి రీలు 36 ఫోటోలూ తీసి మనవరాలు ఒక ల్యాబులో ఇచ్చింది. వాళ్లు రీలు కడిగి, స్కాన్ చేసి బొమ్మలు ఫోనుకు పంపారు. బ్యారేజీ మీద వాళ్ల అమ్మానాన్నలు పక్కపక్కన నిలబడిన ఫోటోలో ఇద్దరి ముఖాలూ మసక. అలాంటివే ఇంకో ఆరు. "తాతయ్యా, దీని లెన్సు పోయింది, ఎవరికైనా ఇచ్చేద్దాం" అంది.

నెగెటివ్ ఏదమ్మా అని అడిగాను. కడిగాక వెలుగునీడలూ రంగులూ తారుమారై బొమ్మలు నిలిచే రీలు పట్టీయే నెగెటివ్. ఇవ్వలేదంది. వెంటబెట్టుకుని ల్యాబుకు వెళ్లాను. "ఎవరూ అడగడం లేదండీ, నెల దాటితే పారేస్తాం" అన్నారు. కడుపు తరుక్కుపోయింది. బొమ్మ తేల్చే మందును, అదే డెవలపర్‌ను, 37.8 డిగ్రీల దగ్గర ఉంచి అందులో మూడుంపావు నిమిషాలు, అర డిగ్రీ తేడా వచ్చినా రంగులు చెడతాయని కాపలా కాసి కడిగేది దేనికోసం? ఆ పట్టీ కోసమే కదా! వెతికిస్తే దొరికింది. చుట్టగా చుట్టి రబ్బరు బ్యాండు వేసి, మరో పదిమంది రీళ్లతో కలిపి అట్టపెట్టెలో పడేశారు.

ఇంటికి తెచ్చి కిటికీ వెలుగులో భూతద్దం పెట్టి చూశాం. ఆ నారింజ రంగు పట్టీ మీద తల్లిదండ్రుల ముఖాలు నీలిపచ్చగా, అంచులు కరిగిపోయినట్టు ఉన్నాయి. వాళ్లిద్దరి భుజాల మధ్య సందులోంచి కనిపించే కొండ అంచు మాత్రం గీత గీసినట్టుంది. లెన్సు పోతే కొండ కూడా అలా రాదు. కెమెరా తన పని తాను చేసింది. ఈ రకం ఆటోఫోకస్ కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాన్ని వదిలి, అది దేనికి తగిలి వెనక్కి వచ్చిందో దాన్నిబట్టి దూరం కడుతుంది. అది చూసేది సరిగ్గా మధ్యలోనే. ఇద్దరిని నిలబెట్టి మధ్యకు గురిపెడితే కిరణం సందులోంచి దూసుకుపోయింది, కెమెరా దూరపు కొండకే ఫోకస్ పెట్టింది.

దానికి మందు కెమెరాలోనే ఉంది. మధ్య గుర్తును ఒకరి ముఖం మీద ఉంచి మీట సగం నొక్కాలి, వేలు తీయనంతవరకు ఫోకస్ అక్కడే ఆగి ఉంటుంది. ఎల్35ఏఎఫ్‌లో కన్ను పెట్టి చూసే కంటిగూటి అడుగున మనిషి, గుంపు, కొండ బొమ్మలు, వాటి మీద తిరిగే సన్నని ముల్లు ఉంటాయి. ముల్లు మనుషుల దగ్గర నిలిచాక వేలు తీయకుండా కెమెరాను పక్కకు జరిపి, అప్పుడు పూర్తిగా నొక్కాలి. మనవరాలు గదిలోనే పదిసార్లు చేసి చూసింది. ముల్లు కొండ మీదికి వెళ్లినప్పుడల్లా "అదిగో, తప్పు" అని తనే అనడం మొదలుపెట్టింది.

ఫోనుకు వచ్చిన చిన్న బొమ్మలో ఇదంతా తెలియదు. చెయ్యి వణికినా మసకే, గురి తప్పినా మసకే, స్కానింగ్ సరిగా చేయకపోయినా మసకే. నెగెటివ్ చూస్తే చెయ్యి వణికినచోట వెలుగు చుక్కలన్నీ ఒకే వైపు సాగి ఉంటాయి. గురి తప్పితే ఇంకెక్కడో ఏదో ఒకటి స్పష్టంగా ఉంటుంది. నేర్చుకునేవాళ్లకు పాఠం ఆ పట్టీలోనే ఉంది. దాన్ని చెత్తబుట్టలో వేసి బొమ్మలు మాత్రం పంపడం, జవాబు పత్రం దిద్దకుండా మార్కులు చెప్పడం లాంటిది.

కొనేవాళ్లకు ఒక మాట. మనవరాలి స్నేహితుడు ఆటోఫోకస్ అని చెబితే నమ్మి ఆన్‌లైన్‌లో కొడాక్ కేబీ10 కొన్నాడు. అందులో ఫోకస్ కదలనే కదలదు. పగటి వెలుగులో చక్కని ఫోటోలు ఇస్తుంది, ఒకప్పుడు మన పెళ్లిళ్లలో ఇంటికొకటి ఉండేది. కానీ ఆటోఫోకస్ ధర పెట్టాల్సింది కాదు. సెల్లు పెట్టే గూడులో చిలుము ఉందా, వెనుక మూత అంచున వెలుతురు చొరబడకుండా ఉంచిన స్పాంజి జిగటగా కరిగిందా చూసుకోండి. ఫ్లాష్ పాడైతే సొంతంగా విప్పవద్దు. సెల్లు తీసేసినా ఫ్లాష్ కోసం కరెంటు నిల్వచేసే లోపలి కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టులు నిలిచి ఉండవచ్చు.

2024 సెప్టెంబరులో బుడమేరు మా సింగ్ నగర్‌ను ముంచింది. మా ఇంట్లో ఆల్బంలు అట్టముద్దలయ్యాయి. సీడీలు, హార్డ్ డిస్క్ పోయాయి. ట్రంకు పెట్టెలోని నెగెటివ్‌లను తడి ఆరనివ్వకుండా బకెట్లో మంచినీళ్లు పోసి ఒక్కొక్కటే విడదీసి, బట్టల క్లిప్పులతో దండెం మీద ఆరేశాను. కొన్నింటి మీద పొర ఊడిపోయింది. చాలావరకు బతికాయి. మా ఆవిడ పెళ్లి ఫోటో ఇప్పుడు గోడ మీద ఉందంటే అందువల్లే.

అందుకే ల్యాబులవారిని వేడుకుంటున్నాను. రీలు ఇచ్చినవాళ్లు అడిగినా అడగకపోయినా, ఆరు ఫోటోలకు ఒక ముక్క చొప్పున కత్తిరించి, కవరులో పెట్టి నెగెటివ్ వాళ్ల చేతికివ్వండి. పిల్లలూ, మీరూ అడిగి తీసుకోండి. కవర్లు దొరకడం లేదని ఏ ల్యాబువారైనా అంటే, నా దగ్గర పాత కట్టలు రెండు మిగిలి ఉన్నాయి, సంతోషంగా ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత కలర్ ల్యాబ్ ఆపరేటర్,
అజిత్ సింగ్ నగర్, విజయవాడ