సగం కోర్టులో పాయింట్ గార్డును ఎలా తయారుచేయాలో చెప్పండి, మంత్రిగారూ

గౌరవనీయులైన రాష్ట్ర క్రీడా శాఖ మంత్రివర్యులకు నమస్కరించి రాయునది.

మా పట్టణంలోని మహిళా డిగ్రీ కళాశాల బాస్కెట్‌బాల్ కోర్టుకు ఉత్తరం వైపు ఉండవలసిన రింగు స్తంభం గురించి నేను మీకు రాస్తున్న ఐదో ఉత్తరమిది. మొదటి నాలుగూ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అవి మీ కార్యాలయానికి అందినట్లు రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, జవాబులు మాత్రం లేవు. ఫిజికల్ డైరెక్టర్‌గా పదవీ విరమణ చేసినా రోజూ ఉదయం ఐదున్నరకు అదే కోర్టులో పిల్లలతో ఉంటున్నాను కాబట్టి, ఊరుకుందామన్నా ఆ స్తంభం లేని చోటు కళ్ళకు కనబడుతూనే ఉంటుంది. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను, మన్నించండి.

తమరు మా మైదానానికి విచ్చేసి ఈ నెలకు పద్నాలుగు నెలలు. సభావేదికకు అడ్డం వస్తోందని, రెండు రోజుల్లో మళ్ళీ నిలబెడతామని చెప్పి, ముందురోజు రాత్రి ఆ స్తంభాన్ని గ్యాస్ కట్టర్‌తో మొదలంటా కోశారు. మరునాడు మీరు సరిగ్గా ఆ రింగు ఉండే చోట నిలబడి, ఈ ఆడపిల్లల కోసం ఇండోర్ స్టేడియం కట్టిస్తామని ప్రకటించారు. చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను. స్టేడియం సంగతి ఇప్పుడు అడగను. ఉన్న కోర్టులో సగం ఎక్కడికి పోయిందన్నదే నా ప్రశ్న.

ఒక రింగు ఉంది కదా, సాధన చేసుకోవచ్చు కదా అని మీ శాఖలోని ఒక అధికారి నాతో అన్నారు. షూటింగ్ అయితే చేసుకోవచ్చు. కానీ బంతిని ముందుకు తెచ్చి జట్టు ఆటను నడిపించే పాయింట్ గార్డు అనే ఆటగత్తె తయారయ్యేది రింగు దగ్గర కాదండీ, రింగుకు చాలా దూరంలో. కోర్టు పొడవు 28 మీటర్లు. మన రింగు కింద బంతి అందుకున్న అమ్మాయి, మీద పడుతున్న ఇద్దరిని తప్పించుకుంటూ, మిగతా నలుగురూ ఎవరెక్కడికి పరుగెడుతున్నారో చూసుకుంటూ, 8 సెకన్లలో మధ్యగీత దాటించాలి. దాటకపోతే విజిల్, బంతి అవతలి జట్టుకు. దాటినా 24 సెకన్లలో షాట్ పడాలి కాబట్టి గీత దగ్గర ఆలస్యమైన ప్రతి క్షణం అవతల తగ్గిపోతుంది. ఈ లెక్క బుర్రలో కాక కాళ్ళలో కూర్చోవాలంటే వేలసార్లు ఆ చివర నుంచి ఈ చివరకు ఎదురొత్తిడిలో రావాలి. ఆ చివర అనేది మాకు లేదు.

అక్కడ ఇప్పుడేముందో చెబుతాను. వేదిక కోసం తవ్విన గుంతలు కంకరతో పూడ్చారు, వానకు కంకర పైకి తేలింది. మధ్యగీత దాటి నాలుగడుగులు వేస్తే బంతి ఎటు ఎగురుతుందో బంతికే తెలియదు. స్తంభం ప్రహరీ పక్కన పిచ్చిమొక్కల్లో పడి ఉంది. బోర్డును మా వాచ్‌మన్ నీళ్ళ సంపు మీద మూతగా వేశాడు. అతన్ని తప్పుపట్టలేను, ఎవరూ అందులో పడకూడదని ఆలోచించిన మనిషి ఆ ప్రాంగణంలో అతనొక్కడే.

నా దగ్గర ఒక అమ్మాయి ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం, తండ్రి ఆటో నడుపుతాడు, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. ఎడమ చేతి డ్రిబ్లింగ్ రావడం లేదని, తనంతట తానే కుడి చేతిని చున్నీతో నడుముకు కట్టేసుకుని నెల రోజులు సాధన చేసింది. మనిషిని చూడకుండా పాస్ ఇస్తుంది, పాస్ వస్తుందని అందుకునే పిల్ల కూడా అనుకోదు, అంత ముందుగా చూస్తుంది. కానీ ఒక లోపం ఉంది, అది నా శిక్షణలో వచ్చిన లోపమే. బంతి దొర్లే నేలలో పగుళ్ళు ఎక్కడున్నాయో చూసుకోవలసి వచ్చి తల దించుతుంది. పాయింట్ గార్డు తల దించిందంటే జట్టుకు కళ్ళు పోయినట్లే. ‘తల ఎత్తమ్మా’ అని నేను రోజుకు వందసార్లు అరుస్తాను. ఎత్తితే బంతి పగులులో పడి పక్కకు పోతుంది. నేలది తప్పయితే పిల్లను తిట్టడం ఎంతవరకు న్యాయమో మీరే చెప్పాలి.

సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు మా యూనివర్సిటీ జట్టులో ఈ అమ్మాయి ఎంపికైంది. విజయవాడ జంక్షన్‌లో రైలు మారి, రిజర్వేషన్ లేక తలుపు దగ్గర బ్యాగుల మీద కూర్చుని వెళ్ళారు, అదేం పెద్ద విషయం కాదు, మా రోజుల్లో మేమూ అలాగే వెళ్ళాం. మొదటి మ్యాచే తమిళనాడుకు చెందిన ఒక యూనివర్సిటీ జట్టుతో పడింది. వాళ్ళు ఐదు నిమిషాలు మా ఆట చూశారు, మా బలహీనత అర్థమైంది, అంతే, కోర్టు పొడవునా ప్రెస్, అంటే మీద పడి బంతిని ముందుకు రానివ్వకుండా అడ్డుకోవడం, మొదలుపెట్టారు. మొదటి క్వార్టర్‌లోనే నాలుగుసార్లు ఎనిమిది సెకన్ల విజిల్ మోగింది. బంతి గీత దాటిన కాసిని సార్లు మాత్రం ఆ పిల్ల చేతిలో ఆట చూసి అవతలి కోచ్ లేచి నిలబడ్డారు. టైమవుట్‌లో చెమట తుడుచుకుంటూ మా అమ్మాయి నాతో అన్న మాట ఇది: ‘మేడమ్, గీత దాటితే తర్వాత నేను చూసుకుంటా. గీత దాకానే రాలేకపోతున్నా.’ నా దగ్గర సమాధానం లేదు. మీ దగ్గర ఉంటుందనుకుంటున్నాను.

తిరిగొచ్చాక సోమవారం ఫిర్యాదుల రోజున కలెక్టరేట్‌కు వెళ్ళాను. వాళ్ళు క్రీడాధికారి దగ్గరకు, ఆయన ఇంజినీరింగ్ విభాగానికి, వాళ్ళు సభ ఏర్పాట్ల కాంట్రాక్టరు దగ్గరకు పంపారు. స్తంభం కోయడం తన బిల్లులో ఉంది గానీ నిలబెట్టడం లేదని కాంట్రాక్టరు చెప్పాడు, నిజం చెప్పిన మనిషి కాబట్టి కాఫీ తాగి వచ్చాను. మూడు వారాలకు నా ఫిర్యాదు ‘పరిష్కరించబడింది’ అని ఫోన్‌కు సందేశం వచ్చింది. సంతోషంతో పరుగున మైదానానికి వెళ్ళి చూశాను, స్తంభం మొక్కల్లోనే ఉంది. ఇక ముందు చెప్పిన అధికారి, ఒలింపిక్స్‌లో కూడా ఇప్పుడు సగం కోర్టులోనే ఆడుతున్నారని నాకు జ్ఞానోదయం చేశారు. టోక్యో ఒలింపిక్స్ నుంచి, జట్టుకు ముగ్గురు చొప్పున ఒకే రింగుకు ఆడే 3×3 ఉన్న మాట నిజమే. మా పిల్లలు ఆడవలసిన అంతర్ విశ్వవిద్యాలయ పోటీ ఐదుగురిదని, కోర్టుకు రెండు వైపులా రింగులు ఉంటాయని ఆయనకు ఎవరైనా చెప్పగలరా?

ఆ అమ్మాయి రాత్రిపూట ఫోన్లో కెయిట్లిన్ క్లార్క్ వీడియోలు చూస్తుంది. అయోవా యూనివర్సిటీకి ఆడుతూ 2024లో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అబ్బాయిల రికార్డునూ దాటి పాయింట్లు చేసిన అమ్మాయి ఆమె. మా పిల్లకు ఆ పాయింట్లు పట్టవు, ఈ చివర నుంచి ఆ చివరకు విసిరే పాస్‌లే వెనక్కి తిప్పి తిప్పి చూస్తుంది. అంత దూరం ఎందుకు, భిలాయ్‌లో దివంగత రాజేష్ పటేల్ అనే కోచ్ ఉక్కు కర్మాగారం ఊళ్ళోని పిల్లల్ని తీర్చిదిద్ది భారత జట్టుకు పంపారు. భారత మహిళా జట్టుకు కెప్టెన్‌గా ఆడిన చెన్నైకి చెందిన అనితా పాల్‌దురైకి 2021లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ళకు మంత్రాలేమీ తెలియవు, ఏళ్ళ తరబడి రోజూ ఆడటానికి రెండు వైపులా రింగులున్న కోర్టు ఉంది.

ప్రస్తుతానికి కళాశాల వెనక రోడ్డు మీద సుద్దతో పద్నాలుగు మీటర్ల గీతలు గీసి, ప్లాస్టిక్ కుర్చీలను ప్రత్యర్థులుగా నిలబెట్టి సాధన చేయిస్తున్నాను. పాల వ్యాన్ వచ్చినప్పుడు కుర్చీలు తీస్తాం. కుర్చీలు బంతి లాక్కోవు కదండీ.

ఇప్పుడు నేను అడిగేది డబ్బు కూడా కాదు. ఆ స్తంభానికి అడుగున పలక అతికించి ఇస్తానని మా వీధి వెల్డింగ్ షాపు అతను మాటిచ్చాడు, సిమెంటు పూర్వ విద్యార్థినులు కొంటామన్నారు. అయితే అది ప్రభుత్వ ఆస్తి గనుక చెయ్యి వేస్తే కేసు అవుతుందని హెచ్చరించారు. కోసినప్పుడు ఎవరి ఆస్తో నాకు తెలియదు. దయచేసి అనుమతి పత్రం ఒకటి ఇప్పించండి. వచ్చే పోటీలకు ఆ అమ్మాయి మూడో సంవత్సరంలో ఉంటుంది, ఆ తర్వాత ఇచ్చినా ఆమెకు ఉపయోగం లేదు. అందుకే మళ్ళీ మళ్ళీ వేడుకుంటున్నాను, ఒక్క కాగితం ఇప్పించండి. అది సోమవారం అందితే మంగళవారం కాంక్రీటు పోస్తాం. ఏడు రోజులు నీళ్ళు పట్టాలి, పిల్లలు వంతులు కూడా వేసుకున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్