మందు సరే, ముక్క సంగతేమిటి?

సంపాదకుడు గారికి నమస్కారం.

ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు కొత్త మాత్రలొచ్చాయన్న వార్తలు తరచూ వస్తున్నాయి. అవి ఉత్త ప్రచారమేమీ కాదు. హార్మోన్‌కు లొంగే రకంలో ఈస్ట్రోజన్ హార్మోన్‌ను తగ్గించే లెట్రోజోల్ మాత్రకు, క్యాన్సర్ కణాల విభజనను అడ్డుకునే రైబోసిక్లిబ్ తోడైతే రోగుల మధ్యస్థ ఆయుష్షు 51.4 నెలల నుంచి 63.9 నెలలకు పెరిగిందని 2022లో మొనలీసా-2 పరిశోధన తేల్చింది. అదే కోవకు చెందిన పాల్బోసిక్లిబ్ పేటెంటు 2023 జనవరిలో తీరిపోయి, దేశీ కంపెనీల మాత్రలొచ్చి ధర దిగింది. క్యాన్సర్ కణాల మీది హర్-2 ప్రొటీన్‌ను గురిపెట్టే ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ ఇంజెక్షన్ మీద కస్టమ్స్ సుంకాన్ని 2024 జులై బడ్జెట్‌లో ఎత్తేశారు. అయితే వీటిలో ఏది ఎవరికి పనికొస్తుందో చెప్పేది గడ్డలోంచి తీసిన అగ్గిపుల్లంత ముక్క. దాని బాగోగులు అడిగేవాళ్లే కనపడరు.

తీసిన గంటలోపు ముక్క, కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్‌లో పడాలి. అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు దాటకుండా ఉండాలి. సెలైన్‌లో వేసి సాయంత్రం బస్సుకు పంపితే హార్మోన్‌ను పట్టుకునే ఈస్ట్రోజన్ రిసెప్టర్ (ఈఆర్) అనే ప్రొటీన్ చెడిపోయి పరీక్షలో రంగు పట్టదు, రిపోర్టులో ‘ఈఆర్ నెగెటివ్’ అని వస్తుంది. షాపులో కొన్న ఫార్మలిన్‌ను నేరుగా పోసినా తప్పే. 100 మి.లీ.కి 900 మి.లీ. నీళ్లు, 4 గ్రాముల సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, 6.5 గ్రాముల డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ కలపాలి. ఈ లవణాలు ఎగ్గొడితే ద్రావణం ఆమ్లంగా మారుతుంది.

రొమ్ము మొత్తం తీసినప్పుడు జరిగే పొరపాటు ఇంకా పెద్దది. దాన్ని చిన్న డబ్బాలో కుక్కి పైన ఫార్మలిన్ పోస్తారు. ఆ ద్రావణం గంటకు దాదాపు ఒక మిల్లీమీటరే ఇంకుతుంది. నడిమి గడ్డను చేరేలోగా అది కుళ్లడం మొదలవుతుంది, మన ఎండాకాలంలో మరీ త్వరగా. అంచులకు గుర్తులు పెట్టుకుని, గడ్డను అర సెంటీమీటరు మందాన కోసి, పదింతల ఫార్మలిన్‌లో వెయ్యాలి. ఎముకకు పాకిన చోట తీసిన ముక్కను యాసిడ్‌తో మెత్తబరిస్తే పరీక్ష చెడుతుంది. రోజులు పట్టినా, ఎముకను నెమ్మదిగా మెత్తబరిచే ఈడీటీఏ అనే రసాయనం వాడాలి.

ఈఆర్ తప్పుగా నెగెటివ్ వస్తే ఆ మనిషికి హార్మోన్ చికిత్స దారే మూసుకుపోతుంది. నెలసరి ఆగని, జబ్బు ఉధృతంగా ఉన్న ఆడవాళ్లలో సైతం రైబోసిక్లిబ్‌తో హార్మోన్ చికిత్స 21.8 నెలలు జబ్బును నిలవరించగా, కీమో మందులు కలిపి ఇచ్చినా 12.8 నెలలే నిలిపాయని రైట్ ఛాయిస్ పరిశోధన చూపింది. ఆ వయసువారికి అండాశయాలను ఆపే గోసెరెలిన్ కూడా 28 రోజులకోసారి పడాలి, అది మానేస్తే లెట్రోజోల్ దండగ.

నెగెటివ్ రిపోర్టును నమ్మేముందు ఒకటి అడగాలి. స్లైడులో క్యాన్సర్ పక్కన మామూలు పాలనాళాలు ఉంటే, వాటి కణాల్లో కొన్నైనా ఈఆర్ ఉందని చెప్పే గోధుమరంగుకు తిరగాలి. అవి కూడా నీలంగానే మిగిలితే పరీక్ష ఫెయిలయిందన్నమాట. వేరే బ్లాక్ (మైనంలో బిగించిన ముక్క) మీద మళ్లీ చెయ్యాల్సిందే.

హర్-2 పరీక్ష సంగతీ అంతే, దాన్ని సున్నా నుంచి 3+ దాకా లెక్కిస్తారు. 2+ వస్తే, హర్-2 జన్యువు నకళ్లను లెక్కపెట్టే ఫిష్ పరీక్ష చెయ్యకుండా వదలకూడదు. సున్నాకీ 1+కీ తేడాను ఇదివరకు ఎవరూ పట్టించుకోలేదు, రెండూ నెగెటివే. ఆ 1+ వాళ్లకూ డెరక్స్‌టెకాన్ పనిచేస్తుందని 2022లో తేలింది. ఇప్పుడు 1+ను సున్నాగా రాస్తే సుంకం తీసేసిన ఇంజెక్షన్ ఆమె దాకా రాదు.

పారాఫిన్ బ్లాక్‌ను పారెయ్యకండి, పీఐకే3సీఏ అనే జన్యువులో మార్పును ఏళ్ల తర్వాత కూడా దాన్లో వెతకొచ్చు. ఈస్ట్రోజన్ రిసెప్టర్ జన్యువైన ఈఎస్ఆర్1లో మార్పుకు మాత్రం పాత బ్లాక్ చాలదు. లెట్రోజోల్ లాంటివి వాడుతుండగా పుట్టుకొచ్చే మార్పు కాబట్టి, జబ్బు మళ్లీ కదిలినప్పుడు రక్తంలో చూడాలి. ఎలాసెస్ట్రాంట్ అనే మాత్ర ఆ మార్పు ఉన్నవారికే.

ఎన్టీఆర్ వైద్య సేవ, రాజీవ్ ఆరోగ్యశ్రీ రొమ్ము ఆపరేషన్ బిల్లు చెల్లించేటప్పుడు ముక్క తీసిన సమయం, ఫార్మలిన్‌లో వేసిన సమయం రాసిన ఫారం అడగాలి. ఫెయిలైన పరీక్షను మళ్లీ చేసే ఖర్చు పథకమే భరించాలి. కలిపి సిద్ధం చేసిన ఫార్మలిన్ సీసాలను జిల్లా ఆసుపత్రి ల్యాబ్ నుంచి చిన్న ఆసుపత్రులకు ముందే పంపితే సెలైన్ సీసా వెతుక్కునే అవసరం రాదు.

— ఒక పాథాలజిస్టు, గుంటూరు