కర్నూలు నుంచి హైదరాబాదు దాకా మాకు తోడు నిలిచినవాళ్లకు

మేం దత్తత తీసుకున్న పాపకు అమెరికా వీసా కోసం చేసే మెడికల్ అయిపోయింది. నిన్న సాయంత్రం రిపోర్టు వచ్చింది. టీబీ రక్తపరీక్ష నెగెటివ్, ఎక్స్‌రే అక్కర్లేదన్నారు. ఇక మిగిలింది ఢిల్లీలో వీసా ఇంటర్వ్యూ. పది రోజులుగా "ఏమైంది, ఏమైంది" అని ఫోన్లు చేస్తున్న అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. పేర్లు మాత్రం రాయను. దత్తతకొచ్చిన పిల్లల వివరాలు బయటపెట్టకూడదని చట్టమే ఉంది. పాప ఎవరో తెలిసేలా ఏదీ రాయొద్దని పాప పెరిగిన శిశుగృహ వాళ్లూ మరీమరీ చెప్పారు.

ముందు బుధవారపేట డాక్టరుగారికి. తెల్లారితే మెడికల్‌కు హైదరాబాదు ప్రయాణం, రాత్రి చూస్తే పాప ఒళ్లు కాలిపోతోంది. నూటరెండు. క్లినిక్కు మూసి స్కూటరెక్కిన మనిషి మమ్మల్ని చూసి దిగి, మళ్లీ తాళం తీశారు. "మామూలు జలుబు జ్వరమే. కానీ ఈ జ్వరంతో పిల్లని రెండొందల కిలోమీటర్లు తిప్పొద్దు. నాలుగు రోజులాగి పోండి, చీటీ రాసిస్తా" అన్నారు. ఆ చీటీ పంపితేనే తేదీ మార్చారు. ఫీజు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఊరు దాటేముందు ఒకసారి పాపను చూపించి పోండి" అన్నారు. తప్పకుండా వస్తాం సార్.

తర్వాత టీకాలు వేసే ఏఎన్ఎం అక్కకు. పాప టీకాల కార్డు ఎప్పుడో నీళ్లలో తడిసి సగం అక్షరాలు పోయాయి. నిజానికి అమెరికా వీసాకు టీకాలు అడ్డం కావు. దత్తత పిల్లలు పదేళ్లలోపు వాళ్లయితే, అక్కడ దిగిన 30 రోజుల్లో వేయిస్తామని తల్లిదండ్రులు రాసిస్తే చాలు. కానీ వేసిన సూదులే మళ్లీ ఆ చిన్న చేతికి ఎందుకని నా బాధ. అక్క పాత రిజిస్టర్లు దులిపి, పెంటావాలెంటు టీకా మూడు డోసులూ ఏ తేదీన వేశారో వెతికి, కొత్త కార్డు రాసి సంతకం పెట్టించి తెచ్చింది. సెలవు రోజున.

ఆ కార్డు చూసి కౌంటరులో ఒకాయన "పాస్‌పోర్టులో పేరు వేరే ఉందే" అని గంటన్నర కూర్చోబెట్టాడు. ఆసుపత్రి పేరు ఎందుకులెండి. కలెక్టరుగారిచ్చిన దత్తత ఉత్తర్వులో పాత పేరూ కొత్త పేరూ రెండూ ఉన్నాయి, అది చూపిస్తే ఒప్పుకున్నాడు. ఈ దారిలో పోయేవాళ్లు ఆ ఉత్తర్వు నకలు చేతి సంచీలోనే పెట్టుకోండి.

కారన్నకు కూడా. పుల్లూరు టోల్‌గేటు దగ్గర ఒకసారి, జడ్చర్ల దాటాక ఇంకోసారి పాప సీటంతా కక్కింది. రెండుసార్లూ తనే కడిగాడు, ఒక్క మాట అనలేదు.

ఇక ఆయమ్మ. శిశుగృహలో పాపను మూడేళ్లు పెంచింది ఈమే. పాపకు "అమ్మా" అంటే ఇప్పటికీ ఈమే, నేను ఇంకా "ఆంటీ"నే. రెండ్రోజులు ఇల్లు వదిలి, కూతురికి వంట అప్పజెప్పి, స్టీలు డబ్బా నిండా ఉగ్గాని కట్టుకుని మాతో కారెక్కింది. 

రెండేళ్లు నిండిన పిల్లలకు ఆ టీబీ రక్తపరీక్ష తప్పదు. నాలుగు ట్యూబులు, బూడిద, ఆకుపచ్చ, పసుపు, ఊదా మూతలు. ఒక్కోదాంట్లో మిల్లీలీటరు రక్తం. సూది చూడగానే పాప ఆయమ్మ కొంగు పట్టుకుని ఒకటే ఏడుపు. నేను పక్కకు తప్పుకున్నా, ఆమె దగ్గరుంటేనే ఊరుకుంటుంది కదా అని. ఆయమ్మ ఊరుకోలేదు. పాపను ఎత్తి నా ఒళ్లో కూర్చోబెట్టి, "పట్టుకునేది నువ్వేమ్మా. నేను ఎదురుగ్గా నిలబడతా. రేపట్నుంచి దెబ్బ తగిల్నా నీ కాడే గదా ఏడ్చాల్సింది" అంది. 

పాప నా చేతిని గట్టిగా గీరింది. గోళ్ల గాట్లు ఇంకా ఉన్నాయి. నింపిన ట్యూబుల్ని పదేసిసార్లు ఊపాలంట, లోపలి మందు రక్తంలో కలవాలని. టెక్నీషియన్ కుర్రాడు "లెక్క నువ్వు పెట్టు పాపా" అన్నాడు. ఏడుస్తూనే మొదలుపెట్టింది, "ఒకటి, రెండు, మూడు, ఐదు, పది". అతను నవ్వకుండా, మళ్లీ ఒకటి నుంచి ఊపాడు. ఆ నాలుగో ట్యూబుకు వచ్చేసరికి ఏడుపు ఆగింది. తమ్ముడూ, నీ పేరు అడగడం మర్చిపోయా.

తల ఎత్తి చూస్తే ఆయమ్మ లేదు. బయట వరండాలో గోడవైపు తిరిగి నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

ఆయమ్మా, నీ కూతురు ఇది చదివి వినిపిస్తుందని తెలుసు. నీ స్టీలు డబ్బా మా దగ్గరే ఉండిపోయింది. పాప దాన్ని రాత్రి పక్కలో పెట్టుకుని పడుకుంటోంది, అడిగితే ఇవ్వదు. ఆదివారం కొత్తది తీసుకుని ముగ్గురం మీ ఇంటికి వస్తున్నాం.